కొండ అవతలి పక్క దిగిన రోజు

మేస్త్రి పోయే ముందు నన్ను ఒక మాట అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. ఆయన దాన్ని నమ్మి, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి, ఆ నమ్మకంతోనే మట్టిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత మూడేళ్ళుగా ఆయన జ్ఞాపకార్థ కూటంలో నేను చర్చి ముందు నిలబడి అదే అబద్ధాన్ని సాక్ష్యంగా చెబుతున్నాను. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పినవాణ్ణి నేను. నాలుకను కాచుకోవడం గురించి వాళ్ళకు ఎన్ని పాఠాలు చెప్పానో నాకే గుర్తు లేదు. ఎక్కడో ఒకచోట నిజం ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను కోలారు బంగారు గనుల ఊరిగాంలో కంపెనీ లైను ఇంట్లో పుట్టాను. మా నాన్న గనిలో టింబర్‌మేన్. లోపల బండ తవ్వినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ గ్యాంగుకు పెద్ద, ఈ మేస్త్రి. ఊరంతా ఆయన్ని మేస్త్రి అనే పిలిచేది. మా నాన్నకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి నాకు పెద్దనాయన.

గని మూతపడినప్పుడు మా లైన్లలో వచ్చిన మొదటి కష్టం చెబితే బయటివాళ్ళు నమ్మరు. మగవాళ్ళకు కూర్చోవడానికి చోటు లేదు. ఆ ఇళ్ళు ఒక గది, ఒక వంటచోటు, ముందర తడిక కట్టిన వసారా. ఇంట్లో ముగ్గురు మగవాళ్ళుంటే ఒకడు గనిలో, ఒకడు నిద్రలో, ఒకడు వీధిలో ఉంటాడనుకుని కట్టినవి. షిఫ్టులు ఆగిపోయేసరికి అందరూ ఒకేసారి ఇంట్లో ఉన్నారు. ఆడవాళ్ళు వాళ్ళను దాటుకుంటూ పని చేసుకోవలసి వచ్చింది. మా అమ్మ మా నాన్నను కాళ్ళు ముడుచుకోమని కసరడం నేను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. మరునాటినుంచి ఆయన పొద్దున్నే బయటికి పోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికని అడిగితే కొండకు అన్నాడు.

అట్లా ఇంట్లో చోటు చాలక పోయినవాళ్ళే కొండ సంఘమయ్యారు. కొండ మీద ప్రేమతో మొదలైంది కాదు. బంగారం తీశాక మిగిలిన పొడి పోసిన సయనైడు దిబ్బలు దాటి రెండు మైళ్ళు పోతే ఆ కొండ వస్తుంది. పైన ఒకప్పుడు కంపెనీ నీళ్ళ ట్యాంకు కాపలావాడు ఉండిన రాతి గుడిసె ఒకటి ఉంది. రెండు చిన్న గదులు, పైన రేకులు. దారి లాంటనా కంప కింద ఎప్పుడో మునిగిపోయింది. వీళ్ళు కొడవళ్ళతో కంప కొట్టారు. వాలు ఎక్కువున్నచోట రాతి మెట్లు పేర్చారు. వాననీళ్ళు దారినే పట్టుకుని దిగిపోకుండా పక్కకు మళ్ళించడానికి ఎనిమిది చోట్ల అడ్డంగా కాలవలు తీశారు. గుడిసెకు రేకులు మార్చి, లోపల ఒక కుండ, పొయ్యి, ఎండు కట్టెలు పెట్టారు. వచ్చినవాడు ఎవడైనా వాడుకోవచ్చు, పోయేటప్పుడు కుండ నింపి పోవాలి. అంతే నియమం. కోలారు నుంచి, బెంగుళూరు నుంచి కొండలెక్కే వాళ్ళు వచ్చి దిగేటప్పుడు దండం పెట్టి పోతుంటే ముసలివాళ్ళకు అదొక ఉద్యోగం దొరికినట్టయింది.

ఇంజన్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. గనిలోకి మనుషులను దించి పైకి తెచ్చే యంత్రాన్ని నడిపినాయన. కొండెక్కుతూ నాలుగు మెట్లకొకసారి నిలబడి అందరినీ తిట్టేవాడు. "నలభై ఏండ్లు కూర్చున్న చోట్నుంచి మిమ్మల్ని దించినాను, ఎక్కించినాను. ఒక్కనాడన్నా కాళ్ళు నొచ్చినాయా మీకు? ఇప్పుడు నన్ను నడిపిస్తా ఉండారే, పాపం తగలదా?" మేస్త్రి వెనక్కి తిరగకుండానే, నీ ఇంజన్ ఇంటికాడ మరిచిపోయి వచ్చినావా అప్పా అనేవాడు.

వీళ్ళు గనినుంచి తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. గనిలో దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను పలక మీద మేకుకు తగిలించి దిగుతాడు. పైకి వచ్చాక తీసుకుంటాడు. పలక మీద బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఒకరి బిళ్ళను ఇంకొకరు ముట్టకూడదు. భార్య అయినా, కొడుకు అయినా. కొండ కింద రేకుల షెడ్డు ఒకటి వేసి, అందులో పలక పెట్టి, అదే పద్ధతి పెట్టుకున్నారు. బయటివాళ్ళు చూసి ముచ్చటపడేవాళ్ళు. వీళ్ళకు ముచ్చట కాదు. గనిలో ఒత్తిడికి బండ పేలి పైన కూలినప్పుడు ఎవరి కోసం తవ్వాలో ఆ పలకే చెప్పేది. మేస్త్రి తన జీవితంలో ఎన్నోసార్లు పలక చూసి తవ్వడానికి దిగినవాడు.

మా నాన్న పోయాక ఆయన బిళ్ళ నాకు వచ్చింది. అప్పటికి నేను కోలారు అవతలి నరసాపురంలో రెండు చక్రాల బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. పొద్దున కంపెనీ బస్సు, సాయంత్రం కంపెనీ బస్సు. సంఘంలో నేనే చిన్నవాణ్ణి, యాభై దగ్గర పడుతున్నా. ఇరవైమందిలో ఏడుగురు మిగిలారు. మిగతావాళ్ళు పోయారు, లేదా ఊపిరి చాలక ఇళ్ళల్లో ఉన్నారు.

మేస్త్రికి కూడా దుమ్ము జబ్బే. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో రాయి కట్టుకుపోయిందని డాక్టరు చెప్పాడు. కొండెక్కితే చాలు, నేను పూచీ కాదన్నాడట. అందుకని ఆయన ఎక్కడం మాని షెడ్డు కాపలా పెట్టుకున్నాడు. రోజూ ఏడు కొట్టేసరికి ఫ్లాస్కుతో టీ, సంచీలో పరిశుద్ధ గ్రంథం పట్టుకుని వచ్చి పలక ముందు కూర్చునేవాడు. కళ్ళు మసకలు. అక్షరాలు కనబడవు. నేను కొండ దిగి వచ్చే రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కీర్తన ఒకటి చదివించుకునేవాడు. చదివేది పది నిమిషాలు. ఆ తర్వాత ఆయన దాన్ని వివరించేవాడు. వివరణ ఎప్పుడూ గనిలోకే పోయేది. లోతు అని వచ్చినా, చీకటి అని వచ్చినా, బండ అని వచ్చినా ఆయనకు ఒకే రోజు గుర్తొచ్చేది. మూడు దినాలు తవ్వి ఒకడిని బతికుండగా బయటికి తెచ్చిన రోజు. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మధ్యలో ఆయన దగ్గితే ఆగి, దగ్గు అయ్యాక విడిచిన మాటనుంచే మళ్ళీ అందుకునేవాడు.

ఇక్కడినుంచి నేను మెల్లగా రాయాలి.

మూడు రోజులు వాన పట్టింది. నాలుగోరోజు శనివారం, తెరపి ఇచ్చింది. వాన వెలిసిన వెంటనే కాలవలు చూడకపోతే ఆకు, మట్టి అడ్డుపడి నీళ్ళు దారినపడి మెట్లు కోసుకుపోతాయి. ఆ వారం వంతు నాది. తెల్లవారకముందే ఇంట్లోనుంచి బయలుదేరాను. యూనిఫారం, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకున్నాను, అట్నుంచి అటే బస్సెక్కడానికి. షెడ్డులో ఎవరూ లేరు. నా బిళ్ళ తగిలించి ఎక్కాను. ఒక్కో కాలవ పారతో తీసుకుంటూ పోయాను. చివరిది గుడిసె వెనకాల, పెద్ద బండ కింద. అది కూడా తీశాను. గుడిసెలోకి వచ్చిన నీళ్ళు చీపురుతో తోశాను. చినుకులు ఆగిపోయాయి కాబట్టి రెయిన్‌కోటు లోపల మేకుకు ఆరవేశాను. రేపు ఎవరన్నా వస్తే తెస్తారులే అనుకున్నాను.

వాచీ చూసుకున్నాను. ఏడు కావడానికి ఐదు నిమిషాలుంది. బస్సుకు సమయం చాలినంత ఉంది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఎక్కిన దారినే ఇటు దిగినా బస్సు దొరికేది. టీ తాగి, ఒక చిన్న కీర్తన చదివినా దొరికేది. ఇటు దిగితే షెడ్డులో మేస్త్రి ఉంటాడు. ఒళ్ళంతా బురద, నిద్ర చాలలేదు, ఎనిమిది గంటలు నిలబడి చేసే పని ముందుంది. ఆయన వేలు ఆడిస్తూ "చదువప్పా" అంటాడు. ఆ కథ మొదలుపెడతాడు. దగ్గుతాడు. నేను తల ఊపుతూ కూర్చోవాలి. ఈరోజుకు వద్దు దేవుడా అనుకున్నాను. నిజంగా దేవుడా అనే అనుకున్నాను.

గుడిసె దాటి అవతలి పక్క మేకలు దిగే కాలిబాట ఒకటుంది. అది పోయి రోడ్డులో కలిసేచోట కూడా మా బస్సు ఆగుతుంది. ఆ బాటన దిగిపోయాను. బిళ్ళ గుర్తు రాలేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక తీసుకుందాంలే అనుకున్నాను.

మేస్త్రి ఏడింటికి వచ్చి పలక మీద నా బిళ్ళ చూశాడు. నా కోసం కప్పులో టీ పోసి మూతపెట్టి కూర్చున్నాడట.

పది గంటలప్పుడు గుడిసె వెనక బండ జారింది. కొండ అవతల మేకలు మేపుకునే ఆమె ఆ చప్పుడు విని పైకెక్కి చూసి, ఇటుపక్క పరుగెత్తుకుంటూ దిగి చెప్పింది. గుడిసెలో సగం లేదు, బండ కింద ఉంది అని. మేస్త్రి పలకకేసి చూశాడు. ఆ తర్వాత ఫోన్లు. నా ఫోన్ ఫ్యాక్టరీ లాకర్లో ఉంది. లోపలికి తీసుకుపోనివ్వరు. నా పైఅధికారి నంబరు ఇంట్లో ఎవరి దగ్గరా లేదు, నేనే ఎప్పుడూ రాసిపెట్టలేదు.

నా భార్య మిషన్ మీద బట్టలు కుట్టుకుంటూ ఉన్నది లేచి పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పుడు జరిగిన మాటలు ఆమె నాకు తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, ఒక్క అక్షరం మారకుండా.

"డ్యూటీకి పోయినాడు పెద్దనాయనా. యూనిఫారం, టిఫిన్ డబ్బా ఎత్తుకొని పోయినాడు," అన్నది.

"బస్సెక్కేది నువ్వు చూసినావా అమ్మా?"

"నేనెట్ల చూస్తాను? తెల్లారకనే ఇంట్లోనుంచి పాయె."

"బిళ్ళ ఈడనే ఉండాది కదమ్మా."

ఆమె ఏడుస్తూ, మరిచిపోయి ఉంటాడు, ఆ మనిషికి మతిమరుపు ఎక్కువ అని చెప్పిందట. మేస్త్రి ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఎవరూ మరవరమ్మా అన్నాడట. ఎవరూ మరవరు. గనిలో పని చేసిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ మాట అనరు. ఇంకో ఊరిలో అయితే భార్య మాట విని, ఫ్యాక్టరీ గేటు దాకా ఒక మనిషిని బండి మీద పంపి, సాయంత్రం దాకా ఓపిక పట్టేవాళ్ళు. మా వాళ్ళకు బండ కింద మనిషి ఉన్నాడంటే నిమిషాలే. ఆ ఏడుగురిలో నేను పోను ఆరుగురు గడ్డపారలు, పారలు, యూకలిప్టస్ దుంగలు మోసుకుని ఎక్కారు. మేస్త్రి వాళ్ళ ముందర ఎక్కాడు. ఎవరో ఆయన్ని చెయ్యి పట్టి ఆపబోతే, నువ్వెప్పుడన్నా తవ్వినావా, పక్కకు పో అన్నాడట.

మధ్యాహ్నానికి ఫైర్ స్టేషన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు మంచిగానే పని చేశారు. కానీ బండ ఇంకా కదులుతూ ఉంది, దుంగ ఎక్కడ నిలబెట్టాలో ఆయనకే తెలుసు. అడుగు తవ్వడం, దుంగ నిలబెట్టడం, ఇంకో అడుగు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకున్నాడు. పగిలిన రాతి పొడి ఆ గుడ్డ మీద పేస్టులాగా కట్టుకుంటే విప్పి దులుపుకుని మళ్ళీ కట్టుకునేవాడట. రాళ్ళ సందులో నోరు పెట్టి నన్ను పిలిచేవాడట. పిలిచి, చెయ్యెత్తి అందరినీ ఆపి, చెవిపెట్టి వినేవాడట.

మూడు గంటలకు నా రెయిన్‌కోటు చెయ్యి బయటపడింది.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పక్కకు తప్పించలేకపోయారు. నా భార్య కింద షెడ్డులో ఉంది. రెయిన్‌కోటు సంగతి ఆమెకు చెప్పొద్దన్నాడట. ఎవరో చెప్పారు.

ఐదున్నరకు నేను లాకర్ తీశాను. ఫోన్ నిండా వచ్చిన కాల్స్. ఇంటికి చేస్తే ఎత్తలేదు. ఇంజన్ డ్రైవరుకు చేశాను. ఆయన ఎత్తాడు. వెనకాల గడ్డపారలు రాతిని కొడుతున్న శబ్దం వినబడుతోంది. ఏమైంది అని అడిగాను, కొంచెం విసుగ్గా కూడా అడిగాను.

"యాడుండావు?" అన్నాడు ఆయన.

"ఫ్యాక్టరీలో."

ఆయన ఫోన్ చెవినుంచి తీసి ఏదో అరిచాడు. గడ్డపారల శబ్దం ఒక్కొక్కటిగా ఆగిపోయింది. ఒకటి మాత్రం ఇంకా కాసేపు కొడుతూనే ఉంది. తర్వాత అది కూడా ఆగింది. అది ఎవరిదో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

నేను చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఆయన్ని ఇద్దరు చేతుల కుర్చీ చేసి దింపి షెడ్డు ముందర కూర్చోబెట్టారు. ముఖం బూడిద పూసినట్టుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను దగ్గరికి పిలిచి, భుజాలు, మోచేతులు, మోకాళ్ళు తడిమి చూశాడు, పైకి తెచ్చిన మనిషిని మేస్త్రీలు చూసినట్టు. "బిళ్ళ తియ్యప్పా," అన్నాడు.

తీశాను. ఇంజన్ డ్రైవరు అటు తిరిగి, "శవం కోసరం తవ్వుతా ఉంటే శవమే ఫోన్ చేసింది," అన్నాడు. వేరే రోజైతే అందరూ నవ్వే మాట. నా భార్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు అన్నం పెడుతూ, నా మాటకంటే ఇత్తడి బిళ్ళ మాట పెద్దదాయె మీ వాళ్ళకు అన్నది. ఆమె కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. రెండు వారాల తర్వాత, ఇంక చేసేదేమీ లేదు, ఇంట్లో పెట్టుకోండి అని ఆక్సిజన్ సిలిండరుతో పంపారు. కొండెక్కకపోయి ఉంటే, ఆ ఆరు గంటల రాతిపొడి పీల్చకపోయి ఉంటే ఇంకా కొన్నేళ్ళు ఉండేవాడని డాక్టరు నాతోనే చెప్పాడు. నేను ఎవరో ఆయనకు తెలియదు. కొడుకుననుకున్నాడు.

ఈలోగా చర్చిలో నా సంగతి అద్భుతమైపోయింది. గుడిసె కూలడానికి మూడు గంటల ముందు దేవుడు తన బిడ్డను వేరే దారిన నడిపించాడని. అక్కలు వచ్చి నా భార్యను కౌగిలించుకున్నారు. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నాడు. నేను తప్పించుకుంటూ వచ్చాను. ఒకరోజు ఆయన గదిలో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను, వాక్యం చదివే పని తప్పించుకోవడానికి అటు దిగానని. ఆయన మంచి మనిషి. మన బద్ధకాన్ని కూడా దేవుడు వాడుకుంటాడు బ్రదర్, మీరు బతికారు కదా అన్నాడు. అయితే మేస్త్రి ఊపిరిని కూడా దేవుడు వాడుకున్నాడా అని అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నాడు. చేశాం. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నంతసేపూ నేను తెరుచుకునే ఉన్నాను.

తప్పిపోయిన గొర్రెను వెదుకుతూ కొండలకు పోయిన కాపరి కథ నేను పిల్లలకు బొమ్మలతో చెప్పేవాణ్ణి. ఆ గొర్రె ఇంటికి పోయి మేత మేస్తూ ఉంటే, కాపరి కొండలో తిరిగి చనిపోతే ఏమిటన్నది ఆ కథలో లేదు. ఉంటుందేమోనని ఎంత వెదికానో. ఇప్పుడు ఆ పాఠం వచ్చిన వారం నేను సెలవు పెడతాను.

ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు నేను చెప్పేయాలని పోయాను. పెద్దనాయనా, నిన్ను తప్పించుకోవడానికే అటు దిగినాను అని చెప్పి, కాళ్ళ మీద పడి, ఆయన తిడితే తిట్టించుకుని రావాలని. దారంతా ఆ మాటే అనుకుంటూ పోయాను. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, లోపల గంజి కాస్తోంది. ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం. నన్ను చూసి గ్రంథం వైపు చూపించాడు. ఒక కీర్తన చదివాను. ఆయన వివరించలేదు. వివరించే ఊపిరి లేదు. ఆ కథ వినాలని నాకు ఎన్నడూ లేనంతగా ఉండింది.

నా మణికట్టు పట్టుకున్నాడు. ఒక్కో మాటకు ఆగి, ఆగి అడిగాడు.

"ఆ పొద్దు అటు దిగమని... నీకు ఎవరు చెప్పినారప్పా?"

నేను నోరు తెరిచాను. ఆయన కళ్ళు నా పెదవుల మీద ఉన్నాయి. ఆ చూపులో అనుమానం లేదు. నన్ను పట్టుకోవాలని అడగడం లేదు. తనకు కావలసింది అడుగుతున్నాడు. బండ కింద ఎవరూ లేని చోట ఆరు గంటలు తవ్విన మనిషి, ఆ తవ్వడం వల్ల పోతున్న మనిషి, అది ఉత్తదే కాదని ఒకరు చెబితే వినాలని ఉన్నాడు.

"ఎవరో తోసినట్టయింది పెద్దనాయనా," అన్నాను.

ఆయన వేళ్ళు నా చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. కళ్ళు మూసుకుని స్తోత్రం అన్నాడు. మళ్ళీ అన్నాడు. పెద్దమ్మ గంజి గిన్నెతో వచ్చి నిలబడి అంతా విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను లేచి వచ్చేశాను. బయట కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే వాళ్ళుంటే వాళ్ళ మధ్యలోనుంచి దారి చేసుకుని పోయాను.

సమాధి కూటంలో పెద్దమ్మ నన్ను లేపి నిలబెట్టింది. ఆయన శవం ముందర, అంతమందిలో, ఎవరో తోసినట్టయింది అని రెండోసారి చెప్పాను. గ్రంథంలో, దేవుని ముందు అబద్ధమాడి అపొస్తలుల పాదాల దగ్గర అక్కడికక్కడే పడి చనిపోయిన భార్యాభర్తల సంగతి నాకు తెలుసు. నేను పడలేదు. పడి ఉంటే దేవుడు చూస్తున్నాడని అయినా తెలిసేది. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

కొండ సంఘం ఆయనతోనే పోయింది. గుడిసెను మళ్ళీ కట్టలేదు. ఇంజన్ డ్రైవరుకు మోకాళ్ళు వంగవు, మాస్తి ఊరి దగ్గర కూతురింట్లో ఉన్నాడు. షెడ్డు రేకులు ఎవరో ఎత్తుకుపోయారు. వానలు పడినప్పుడు నేను పార తీసుకుని పోతాను, కానీ వారం వారం చూసేవాళ్ళు లేక పూడిపోయిన ఎనిమిది కాలవలు ఒక్కడినే తీయలేను. మూడో కాలవ దాకా పోయి వచ్చేస్తాను. దాని పైన మెట్లు జారిపోయాయి, లాంటనా రెండు పక్కలనుంచి కలుసుకుంటోంది. ఇంకో రెండు వానాకాలాలు పోతే అక్కడ దారి ఉండిందని ఎవరికీ తెలియదు. ప్రార్థనకు మోకరిస్తాను. అలవాటు కొద్దీ మాటలు వస్తాయి. అవతల ఎవరైనా ఉన్నారని నమ్ముతున్నాను, అదే నా బాధ. నమ్మకం పోయి ఉంటే ఇది ముసలాయనకు చెప్పిన చిన్న ఊరట మాట అయ్యేది. దేవుని పేరు పెట్టి చెప్పిన అబద్ధం అయ్యేది కాదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి పోయాను. ఈసారి కూటంలో నేను మాట్లాడను, ఎందుకు మాట్లాడనో నీకు చెప్పాలి అని మొదలుపెడదామని. ఆమె చదివింది అరవంలో. ఆ ఇంట్లో గ్రంథం అరవందీ ఉంది, తెలుగుదీ ఉంది. తెలుగుది ఆయనది. ఆమెకు మాట తెలుగే కానీ అక్షరం రాదు. ఈ రాసింది ఆమె ఎప్పటికీ చదవదని తెలిసే రాస్తున్నాను. ఇది కూడా ధైర్యం కాదు.

కాఫీ ఇచ్చింది. ఆయన ఆఖరి రోజుల సంగతి తనే ఎత్తింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు గోడకేసి తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదట. ఉత్త బండను తవ్వితినే, ఉత్త బండను తవ్వితినే అని నిద్రలో కూడా అనేవాడట. నేను వచ్చి చెప్పిపోయిన తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదట. నవ్వుతూ ఉండేవాడట. గనిలో ఇన్నేండ్లు కంపెనీకి పని చేసినాను, ఆ ఒక్క దినం దేవుని షిఫ్టు చేసినాను అన్నాడట ఆమెతో.

నేను కప్పు కింద పెట్టాను. ఇప్పుడు చెప్పాలనుకున్నాను.

"పోయినసారి పొట్టిగా చెప్పేసి కూర్చుంటివే," అన్నది ఆమె. "ఈసారి మనవళ్ళంతా వస్తా ఉండారు. బాగా విడమరిచి చెప్పల్ల. ఆయన ఉన్నప్పుడు నన్ను అడిగినాడు, నాకు తెలీలేదు. యే భుజం మీద తోసినాడప్పా దేవుడు?"

ఆమె నా రెండు భుజాలకేసి మార్చి మార్చి చూసింది.

"కుడి భుజం పెద్దమ్మా," అన్నాను.

ఆమె లేచి వచ్చి ఆ భుజం మీద చెయ్యి పెట్టింది.